మడమ తిప్పినా రాని కాలు

ఎమ్మిగనూరు దారిలో, జిన్నింగు మిల్లు గేటు ముందు హర్షిణి భుజం ఎముక విరిగిన రోజు సాయంత్రానికే, దానికి కారణం జ్యోతి అని ఆదోని పత్తి బజారంతా తీర్పు చెప్పేసింది. తీర్పు చెప్పినవారిలో ఆ పిల్లలు పడిపోవడం కళ్లారా చూసినవారు ఒక్కరూ లేరు.

జరిగిన దానిలో వివాదం లేని భాగం ఇంతే. తెల్లవారుజామున మా బాలికల సైకిల్ క్లబ్బు పిల్లలు సాధన కోసం ఎమ్మిగనూరు వైపు వెళ్తున్నారు. అందరికంటే ముందు జ్యోతి, ఆమె వెనుక చక్రానికి బాగా దగ్గరగా హర్షిణి. మిల్లు గేటు దగ్గర పత్తి లారీ ఒకటి రోడ్డుకు అడ్డం తిరిగింది. జ్యోతి బ్రేకు వేసింది. సైకిలు నిలిచింది కాని, ఆమె కాలు పెడల్ నుంచి ఊడిరాలేదు. సైకిలుతో సహా కుడి పక్కకు, రోడ్డు నడిమికి ఒరిగిపోయింది. ఆమెను తప్పించబోయి హర్షిణి కంకర మీద పడింది.

ఆ పెడళ్ల సంగతి తెలియనివారికి కొంత చెప్పాలి. పోటీ సైకిళ్లకు పాదాన్ని పెడల్‌కు బిగించే ఏర్పాటు ఉంటుంది. షూ అడుగున ఒక ఇనుప బిళ్ల, పెడల్‌లో స్ప్రింగుతో కదిలే ఒక కొక్కెం. పాదంతో నొక్కితే కొక్కెం బిళ్లను టక్కున పట్టుకుంటుంది, మడమను బయటికి తిప్పితే టక్కున వదులుతుంది. వదలకపోతే నేల మీద మోపడానికి మనిషికి కాలు ఉండదు. నిలబడిన సైకిలు మీద నుంచి నరికిన మొక్కలా పడిపోవలసిందే.

జ్యోతి చెప్పింది ఒకటే మాట: మడమ తిప్పాను, రాలేదు. బజారు చెప్పిన మాట వేరు. రాష్ట్ర ఎంపిక పోటీకి మా క్లబ్బు నుంచి ఒక్క పేరే పంపాలి. ఆ ఒక్క పేరు కోసం ఆ ఇద్దరి మధ్యనే పోటీ. హర్షిణి మంచాన పడితే లాభం ఎవరికో వేరే చెప్పాలా అని అడిగారు. హర్షిణి తాతగారు బాలకృష్ణయ్యగారు పత్తి వ్యాపారి, క్లబ్బుకు సైకిళ్లు కొనిచ్చిన దాత. జ్యోతి తండ్రి శేషప్ప ఎమ్మిగనూరు దారిలోనే ఒక పల్లెలో వర్షాధారపు చేలో పత్తి పండించే రైతు. ఎవరి మాట ఎంత దూరం వినబడుతుందో దీన్ని బట్టి ఊహించవచ్చు.

క్లబ్బు కమిటీలో మేము ముగ్గురం. అధ్యక్షురాలిగా నేను, దాతగా బాలకృష్ణయ్యగారు, శిక్షకుడిగా హరికృష్ణ. బాలకృష్ణయ్యగారి దుకాణం మిద్దె మీద సమావేశమయ్యాము. ఎవరినీ పంపకపోయినా సరే, ఆ పిల్లను మాత్రం పంపకూడదని, క్లబ్బు నుంచి కూడా తీసివేయాలని ఆయన పట్టుబట్టారు. హరికృష్ణ తల ఊపాడు. ఇద్దరూ ఒకవైపు ఉంటే నా ఓటుకు విలువ లేదు.

"రుక్మిణమ్మా, కాలు రాలేదంటాది ఆ పిల్ల," అన్నారు బాలకృష్ణయ్యగారు. "అదే పెడల్లో మన హరికృష్ణ కాలు పెట్టి, మిల్లు కూలోళ్లందరి ముందర తీసి సూపించినాడు గదా. ఒకసారి గాదు, పదేపదే. ఇంక విచారణ యాడుంది?"

నాకు జ్యోతి మీద ప్రత్యేకమైన అభిమానం లేదని ముందే చెప్పడం మంచిది. ఆ పిల్ల సాధనకు తరచుగా ఆలస్యంగా వస్తుంది, ప్రశ్న అడిగితే నేల చూస్తుంది. అయినా ఫిజిక్సు చెప్పిన కాలమంతటిలో, అడగకుండా శిక్ష వేయడాన్ని నా తరగతి గదిలో నేను ఒప్పుకోలేదు. దుకాణం మిద్దె మీద ఒప్పుకోవలసిన అవసరమూ కనబడలేదు.

హరికృష్ణను రెండు ప్రశ్నలు అడిగాను. పెడల్‌ను పరీక్షించింది ఏ వేళ? హర్షిణిని ఆసుపత్రిలో చేర్చి తిరిగి వచ్చాక, మధ్యాహ్నం. అంతవరకు సైకిలు ఎక్కడుంది? మిల్లు గేటు దగ్గర, ఎండలో. తరువాత మూడోది అడిగాను, కాలు రావడం లేదని ఆ పిల్ల అంతకుముందు ఎప్పుడైనా చెప్పిందా అని.

"ఎప్పుడో ఒకసారి అన్నింది మేడం. స్క్రూ వదులు చేసిచ్చినాను. మడమలో బలం సాలదు, అంతే."

పోటీకి పంపే పేరు శనివారం మధ్యాహ్నానికి కర్నూలు చేరాలి. శనివారం తెల్లవారుజామున, పడిపోయిన వేళకే, అదే సైకిలును అందరి ఎదుట పరీక్షిద్దామన్నాను. పెడల్ మామూలుగా వదిలితే జ్యోతిని తీసివేసే కాగితం మీద మొదటి సంతకం నాదేనని మాట ఇచ్చాను. ఆ మాట విన్నాక బాలకృష్ణయ్యగారు వెంటనే ఒప్పుకున్నారు. ఆయనకు అది ఖాయంగా గెలిచే పందెంలా కనిపించి ఉంటుంది.

మరునాడు మధ్యాహ్నం నేను జ్యోతి వాళ్ల ఊరికి వెళ్లాను. ఇంటి ముందు వసారాలో ఏరిన పత్తి కుప్ప పోసి ఉంది. పక్కనే ఎద్దుల బండి, బండిని ఆనించి సైకిలు. శేషప్ప చేలో ఉన్నాడు. జ్యోతి తల్లి బసమ్మ నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, పెద్దవాళ్లు ఇంటికి వస్తే ఎలా ఉండాలో తెలియక, తప్పు చేసినదానిలా గడప దగ్గర నిలబడిపోయింది.

సైకిలును నేను ఒక క్రమంలో చూశాను. ఒక కారణాన్ని పూర్తిగా తోసిపుచ్చే వరకు ఇంకో కారణాన్ని ముట్టుకోకూడదు. స్ప్రింగు బిగువు తగ్గించే స్క్రూ పూర్తిగా వదులుగానే ఉంది, అంటే హరికృష్ణ ఆ విషయంలో అబద్ధం చెప్పలేదు. షూ అడుగున బిళ్లను పట్టి ఉంచే బోల్టులు గట్టిగా ఉన్నాయి. అవి వదులుగా ఉంటే మడమ తిప్పినప్పుడు బిళ్ల షూతో కలిసి తిరగక కాలు ఇరుక్కుంటుంది. ఇక్కడ అది కారణం కాదు. బిళ్ల అంచులు అరగలేదు. షూ పాదానికి సరిపోయింది. ఎడమ పెడల్‌లోనూ, కుడి పెడల్‌లోనూ చివరికి మిగిలింది ఒకటే: కొక్కెం సందుల్లో నల్లటి జిగట పదార్థం, దానిలో పత్తి పోగులు. ఈ కాలంలో మా దారుల్లో లారీల నుంచి రాలిన దూది లేని చోటు ఉండదు. అది ఆ జిగటలో చిక్కుకుని, తొక్కుడుకు నలిగి, తడిసిన కంబళి ముక్కలా తయారైంది.

వేలితో తీసి వాసన చూశాను. ఆముదం.

"ఇదేమిటి?" అని జ్యోతిని అడిగాను.

"గ్రీజు మేడం."

"ఎవరు పెట్టారు?"

"నేనే," అంది. ప్రశ్న పూర్తి కాకముందే వచ్చిన జవాబు అది.

షూను చేత్తో పెడల్‌లో నొక్కి తిప్పి చూశాను. ఆ ఎండవేళ అది ఏ ఇబ్బందీ లేకుండా వదిలింది. శనివారం ఉదయం వస్తామని, అంతవరకు సైకిలును తుడవవద్దని, కడగవద్దని, రోజూ ఉండే చోటనే ఉంచాలని చెప్పాను. అప్పుడు జ్యోతి నా వెంట వీధి చివరిదాకా వచ్చింది.

"మేడం, నన్ను పంపకపోయినా ఫర్వాలేదు. క్లబ్బులోంచి తీసేసినా సరే. పరీక్ష మాత్రం వద్దు."

"నువ్వు కావాలని పడ్డావా?"

ఆ పిల్ల మొదటిసారి నా కళ్లలోకి చూసింది. "లేదు మేడం."

"అయితే పరీక్ష జరుగుతుంది."

తిరుగు బస్సులో కూర్చున్నాక కూడా నాకు నెమ్మది కలగలేదు. తప్పు చేయనిది పరీక్షకు ఎందుకు భయపడుతుంది? నేను కాపాడబోతున్నది నిర్దోషినేనా, లేక నాకు అర్థం కాని మరో తెలివినా? రుమాలులో చుట్టి తెచ్చిన ఆ నల్లటి జిగటను ఒక సాసరులో వేసి మిద్దె గోడ మీద పెట్టాను. తెల్లవారి చూస్తే అది బిగుసుకుని ఉంది. అగ్గిపుల్ల గుచ్చితే నిటారుగా నిలబడింది. ఎండెక్కాక అదే పుల్ల మెల్లగా వాలి సాసరు అంచుకు ఒరిగింది. మధ్యాహ్నం హరికృష్ణ కాలును అంత మర్యాదగా వదిలిన పెడల్, మంచు పడే వేళ ఆ పిల్ల కాలును ఎందుకు పట్టుకుందో ఆ పుల్ల నాకు చెప్పింది. అయితే నా సాసరును బాలకృష్ణయ్యగారు సాక్ష్యంగా ఒప్పుకోరు. పెడలే చెప్పాలి.

శనివారం చీకటి విడవకముందే బాలకృష్ణయ్యగారి కారులో బయలుదేరాము. హర్షిణి కూడా ఎక్కి కూర్చుంది. చేతిని మెడకు కట్టిన పట్టీ మీద శాలువా కప్పుకుంది. ఎందుకమ్మా నీకు ఈ చలిలో అని తాత ఎంత చెప్పినా దిగలేదు. మంచులో ఎదురుగా వచ్చే లారీల దీపాలు తప్ప మరేమీ కనబడలేదు.

శేషప్ప ఇంటి ముందు కారు దిగగానే నేను చూసింది బండి పక్కన ఖాళీ చోటు.

"సైకిలు ఏది?"

బసమ్మ సంతోషంగా ముందుకు వచ్చింది. "లోపల పెట్టినానమ్మా. సావుకారోళ్లు వస్తారని తెల్లారకనే తీసి, మంచంతా తుడిసి, పొయ్యి కాడ ఆనించినాను. ఇంతమంది పెద్దోళ్లు సూసే సైకిలు, మంచులో తడుస్తాంటే బాగుండదు గదా."

ఇంట్లోకి వచ్చే అతిథి కోసం చాప దులిపినట్లు ఆమె ఆ సైకిలును సిద్ధం చేసింది. స్నానాల నీళ్లు కాగుతున్న పొయ్యి నుంచి జానెడు దూరంలో పెడళ్లు. నేను ఏదో అనబోయేలోగా హరికృష్ణ సైకిలును వాకిట్లోకి తెచ్చి, తన షూ వేసుకుని ఎక్కేశాడు. శేషప్ప హ్యాండిలు పట్టుకున్నాడు.

టక్. పట్టుకుంది. మడమ తిప్పాడు. టక్. వదిలింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ తీశాడు. మంచు నిశ్శబ్దంలో ఆ శబ్దం వీధి చివరికి వినబడేంత స్పష్టంగా ఉంది.

"సాలు," అన్నారు బాలకృష్ణయ్యగారు. ఆయన గొంతులో కోపం కూడా లేదు. "రుక్మిణమ్మా, మాట మీరే ఇచ్చినారు."

నేను వంగి పెడల్ మీద చేయి పెట్టాను. పొద్దుటి పూట ఆరుబయట ఉన్న ఇనుము ఎలా ఉండాలో అలా లేదు. గోరువెచ్చగా ఉంది.

"పరీక్ష ఇంకా మొదలు కాలేదు. పడిన రోజు ఈ సైకిలు తెల్లవార్లూ మంచులో ఉంది, ఇవాళ పొయ్యి పక్కన ఉంది. చల్లారే వరకు ఆగాలి," అన్నాను.

"అంటే మీకు కావాల్సిన జవాబు వచ్చేదాకా మేం నిలబడాల్నా? ఎండలో పెట్టి సూస్తే తప్పంటిరి. నీడన పెట్టి సూస్తే తప్పంటిరి. రేపు వానలో పెట్టి సూడమంటారా?"

ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. నేనే ఆయన స్థానంలో ఉంటే అదే అడిగేదాన్ని. అందుకే జవాబు జాగ్రత్తగా చెప్పాను. వానలో పడి ఉంటే వానలోనే చూడమని అడిగేదాన్నని, చలిలో పడింది కనుక చలిలో చూడమంటున్నానని, ఆ పిల్ల మీద దయతో కాక పరీక్షకు ఉండవలసిన నియమం కోసం అడుగుతున్నానని చెప్పాను. ఒక్కసారే. అప్పుడు కూడా వదిలితే ఇంకొక్క మాట అననని, సంతకం ఇక్కడే చేస్తానని చెప్పాను.

బాలకృష్ణయ్యగారు కారు వైపు తిరిగారు. తలుపు దగ్గర హర్షిణి నిలబడి ఉంది.

"ఉందాం తాతా," అంది.

సైకిలును ఇంటి పడమటి గోడ పక్కకు, మంచు బాగా దిగే చోటికి మార్చాము. తూర్పున మబ్బు ఎర్రబడుతోంది. ఇనుము చల్లారే లోపల సూర్యుడు పైకి వచ్చేస్తే ఇవాళ్టి అవకాశం పోతుంది, రేపటికి గడువు లేదు. ఎవరూ కూర్చోలేదు. బసమ్మ తను చేసిన పొరపాటు ఏమిటో పూర్తిగా అర్థం కాకపోయినా, ఏదో చెడగొట్టానని మాత్రం గ్రహించి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. జ్యోతి బండి చక్రం పక్కన నిలబడి, సైకిలు వైపు కాకుండా తండ్రి వైపు చూస్తోంది. నేను మధ్యమధ్య పెడల్‌ను వేళ్లతో తాకుతున్నాను. వెచ్చదనం పోయింది. తరువాత చల్లబడింది. ఆ తరువాత వేలు పెడితే కొరికినట్లు అనిపించింది. అప్పటికి ఎదురింటి మిద్దె అంచున ఎండ గీత కనబడుతోంది.

"ఎక్కు," అన్నాను హరికృష్ణతో.

ఈసారి టక్కుమనే శబ్దం రాలేదు. బురదలో కాలు దిగినట్లు, మొద్దుగా, పాదం లోపలికి దిగింది. అతను మడమ తిప్పాడు. కదలలేదు. ఇంకా గట్టిగా తిప్పాడు. సైకిలు మొత్తం ఊగింది కాని పాదం రాలేదు. నవ్వబోయి, మానేశాడు. మోకాలు బయటికి తోసి నడుమంతా మెలితిప్పాడు. వెనుక చక్రం పక్కకు జారింది. హ్యాండిలు పట్టుకున్న శేషప్ప రెండు కాళ్లూ దిగ్గొట్టి ఆపాడు.

"పట్టుకోప్పా, ఇడ్సొద్దు," అన్నాడు హరికృష్ణ. మడమలో బలం చాలదని చెప్పిన గొంతు అది కాదు. నిలబడి ఉన్న సైకిలు మీద, నలుగురు చుట్టూ ఉండగా, లారీ లేకుండా, రోడ్డు లేకుండా, అతని నుదుటన చెమట పట్టింది.

చివరికి అతను షూ పట్టీలు ఊడదీసి పాదాన్ని మాత్రమే బయటికి లాక్కుని కిందికి దిగాడు. ఒంటి మేజోడుతో మట్టిలో నిలబడ్డాడు. షూ పెడల్‌కు అలాగే అతుక్కుని ఉంది.

బాలకృష్ణయ్యగారు దగ్గరకు వచ్చి ఆ షూను తన చేత్తో తిప్పి చూశారు. రాలేదు. ఆయన పత్తిలో తడిని వేళ్లతో పసిగట్టే మనిషి; కొక్కెం సందులోని నల్లటి దాన్ని గోటితో గీరి, దూది పోగును బయటికి లాగారు.

"ఇది దానంతట అది వచ్చింది గాదు. ఎవురో పూసినారు," అన్నారు. "ఎవురు పూసినారు?"

"నేనే," అంది జ్యోతి.

ఆమె నిర్దోషి అని రుజువు చేయడానికి నేను తెచ్చిన సాక్ష్యమే ఆమె మెడకు ఉరిగా మారబోతోందని నాకు అప్పుడు అర్థమైంది. కాలు రాలేదన్న మాట నిజమైంది. కాని రాకుండా చేసుకున్నది తనే అయితే, ఆ నిజం అబద్ధం కంటే హీనం.

"ఏంటికి పూసినావు?" అని అడిగారు బాలకృష్ణయ్యగారు.

జ్యోతి నేల చూసింది. శేషప్ప వంగి, పెడల్ మీద వేలు పెట్టి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అతను ఒక్కసారిగా ముసలివాడైనట్లు కనిపించాడు. బండి దగ్గరకు నడిచి, ఇరుసు కింద వేలాడుతున్న మసిపట్టిన డబ్బాను విప్పుకుని వచ్చి, మూత తీసి బాలకృష్ణయ్యగారి ఎదుట పట్టాడు.

"ఇది నా కందెన, సావుకారీ."

ఆముదంలో గడ్డి మసి కలిపి బండి ఇరుసుకు పెట్టే కందెన. మా తరం వాళ్లకు తప్ప ఇప్పుడు ఆ మాట కూడా తెలియదు.

"నాయనా, నువ్వు ఊరకుండు," అంది జ్యోతి.

"నువ్వు ఊరకుండు పాపా." అతను ఆమె వైపు చూడకుండానే అన్నాడు. "ఊరు దాటే బండికి ముందునాటి సాయంత్రం కందెన పెట్టకుండా మా ఇంట్లో ఎవురూ తోలల్యా సావుకారీ. మా తాత పెట్టె, మా నాయన పెట్టె, నేను పెడతాండాను. పాప అంత దూరం పోతాది. అది కాలు పెట్టే కాడ కీచుమంటాండె. ఇరుసే గదా అనుకున్యా. ఎప్పుడెప్పుడు పాప ఎమ్మిగనూరు దావన పోతాదో, అప్పుడంతా పెట్టినాను. మీ బిడ్డ బొక్క ఇరిగింది నా సేతితో. మా పాపకేమీ తెలీదు."

"తెలుసు," అంది జ్యోతి. "పడిన పొద్దే తెలిసింది, షూ అడుగున సూసి. సావుకారి మనవరాలి ఎముక మా నాయన ఇరగ్గొట్టినాడని బజార్లో అంటారని, సెప్పల్యా."

పరీక్ష వద్దని వీధి చివరి వరకు వచ్చి ఆ పిల్ల ఎందుకు వేడుకుందో ఇప్పుడు తెలిసింది. నింద తండ్రి తల మీద పడకుండా, మోసగత్తె అనే పేరును తనే మోయడానికి సిద్ధపడింది. అది మంచితనమే కావచ్చు. కాని నిజాన్ని దాచే మంచితనం మీద నేను నిర్ణయం రాయలేను.

బాలకృష్ణయ్యగారి ముఖంలో కోపం వెనక్కి వస్తోంది. ఇప్పుడు ఆయనకు కోపం పెట్టుకోవడానికి ఒక మనిషి, ఆ మనిషి చేతిలో ఒక డబ్బా దొరికాయి. ఆయన నోరు తెరవకముందే నేను హర్షిణిని పిలిచాను.

"నువ్వు వెనకే ఉన్నావు. ఏం చూశావు?"

హర్షిణి తాత వైపు చూసింది, తరువాత జ్యోతి వైపు. "గేటుకు ముందర స్పీడు బ్రేకరు ఉంది గదా మేడం, ఆడ్నుంచే మడమ తిప్పుతానే ఉండె. రాల్యా. ఎనక్కి సెయ్యి ఊపింది, దూరం ఉండమని. నేను ఉండల్యా. ముందుకు పోనీకుండా చేస్తాందేమో అనుకున్యాను."

"ఈ మాట ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవురూ అడగల్యా మేడం."

అది నిజం. ముగ్గురం కమిటీగా కూర్చుని, ఆ పిల్ల విరిగిన ఎముక పేరు మీద అంత వాదించి, ఆ ఎముక ఎవరిదో ఆ పిల్లను ఒక్క ప్రశ్న అడగలేదు.

"జ్యోతి కాలు రావడం లేదని మీ సారుకు ఎన్నిసార్లు చెప్పింది?"

"సానాసార్లు. వచ్చినప్పుడంతా సెప్తాండె. కొత్త పిల్లలందరికీ అట్లే ఉంటాది, బలంగా తిప్పు అనేవాడు సార్. ఒకసారి స్క్రూ తిప్పినాడు. కిందికి వంగి మాత్రం ఎప్పుడూ సూడల్యా."

హరికృష్ణ ఒంటి మేజోడు మీద నిలబడి, ఇంకో కాలి షూ వైపు చూస్తున్నాడు. నేను అతనితో కఠినంగా మాట్లాడాను, అయితే గొంతు పెంచలేదు. పెడల్‌కు ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో శేషప్పకు ఎవరూ చెప్పలేదు, చెప్పవలసినవాడు శిక్షకుడు. తెలియక చేసిన పనికి శేషప్ప ముందుకు వచ్చి ఒప్పుకున్నాడు. తెలిసి వినని మాటను 'ఎప్పుడో ఒకసారి' అని శిక్షకుడు కమిటీ ఎదుట తగ్గించి చెప్పాడు. ఈ రెంటిలో ఏది శిక్షకు తగినదో నాకు సందేహం లేదు. పిల్లల ప్రాణాలు ఆధారపడిన పనిని వంగి చూడనివాడు ఈ క్లబ్బులో శిక్షకుడిగా ఉండరాదన్నాను.

"హరికృష్ణ తప్పుకోవాలి, జ్యోతి పేరు పంపాలి. మీ ఓటు చెప్పండి," అని బాలకృష్ణయ్యగారిని అడిగాను.

ఆయన చాలాసేపు ఆ కందెన డబ్బాను చూశారు. పల్లెల నుంచి ఆదోనికి పత్తి బండ్ల మీదనే వచ్చిన కాలంలో ఆయన తండ్రి దుకాణం ముందు అటువంటి డబ్బాలు వేలాడని బండి ఉండేది కాదు. ఆయన గుర్తుపట్టి ఉంటారు. హర్షిణి ఆయన మోచేతిని పట్టుకుంది.

"మీరన్నట్లే కానియ్యండి," అన్నారు చివరికి. తరువాత శేషప్పతో, "ఇంక ఈ కందెన బండికే పెట్టప్పా. దీనికొద్దు," అన్నారు.

"ముట్టను సావుకారీ," అన్నాడు శేషప్ప. డబ్బా మూత బిగించి, తీసుకెళ్లి ఇరుసుకు కట్టేశాడు.

పక్కింటి ట్రాక్టరు వాళ్ల దగ్గర డీజిల్ అడిగి తెచ్చి, శేషప్పే పెడళ్లను కడిగాడు. పాత పళ్ల బ్రష్‌తో రుద్ది, పోగు పోగునా దూదిని లాగి, పొడి గుడ్డతో తుడిచాడు. స్ప్రింగు మీద పలచటి నూనె చుక్క ఒకటి వేస్తే చాలునని, మిగిలినది తుడిచేయాలని నేను చూపించాను. ఎండ అప్పటికి వాకిట్లోకి వచ్చేసింది, కనుక పరీక్ష కోసం సైకిలును మళ్లీ నీడలోకి మార్చి, పెడళ్ల మీద బావి నీళ్లు పోయించాను. నా నియమం జ్యోతికి అనుకూలంగా ఉన్నప్పుడు మాత్రమే పనిచేసే నియమం కాకూడదు.

జ్యోతి ఎక్కింది. ఎడమ కాలు నేల మీద ఉంది. కుడి పాదం పెడల్ పైన గాలిలో ఆగిపోయింది. నొక్కలేకపోయింది. పేరు పంపినంత మాత్రాన ఆ పిల్ల పోటీకి వెళ్లినట్లు కాదని అప్పుడు తెలిసింది. ఎవరూ ధైర్యం చెప్పలేదు. బాగున్న చేత్తో హ్యాండిలు పట్టుకోవడానికి హర్షిణి ముందుకు వచ్చింది.

"ఈసారి దూరం ఉంటాలే," అంది. "పెట్టు."

జ్యోతి నవ్వలేదు. పెట్టింది. టక్. మడమ తిప్పింది. టక్.

"ఇంకోసారి," అంది హర్షిణి.

ఆ మధ్యాహ్నం జ్యోతి పేరు కర్నూలుకు వెళ్లింది. సాయంత్రం పత్తి బజారులో, బాలకృష్ణయ్యగారి దుకాణం ముందు, ఆయన మొదట ఆరోపణ చేసినప్పుడు విన్న దళారులు, గుమాస్తాలు, హమాలీలు ఉండగా, ఆ పిల్ల తప్పేమీ లేదని ఆయన చెప్పారు. కాటా పక్కన నిలబడి, కాటా వైపు చూస్తూ, తనలో తాను అన్నట్లు చెప్పారు.

నేను వీధికి అవతల నిలబడి ఉన్నాను. ఆరోపణ ఈ వీధి దాటి ఎమ్మిగనూరు వరకు వినబడిందని, ఇది నా దాకా కూడా రాలేదని అన్నాను.

ఆయన తల ఎత్తి నన్ను చూశారు. తరువాత కాటా వదిలి, మెట్లు దిగి, వీధి నడిమికి వచ్చి, గట్టిగా మళ్లీ చెప్పారు.